లైసెన్స్ రెన్యూవల్‌కు ముందు ఒకసారి చదవండి

అందరికీ నమస్తే. అమెరికాలో నర్సులుగా చేస్తున్న మనలో చాలామంది బోర్డ్ ఆఫ్ నర్సింగ్, స్టేట్ నర్సెస్ అసోసియేషన్ ఒకటే అనుకుంటున్నారు. కావు. బోర్డు ప్రభుత్వానిది. లైసెన్స్ ఇస్తుంది, ఫిర్యాదు వస్తే విచారిస్తుంది. అది ఉన్నది పేషెంట్ల రక్షణకు, మన వకాల్తా పుచ్చుకోడానికి కాదు. మన తరఫున చట్టసభలో మాట్లాడేది అసోసియేషన్. చాలా రాష్ట్రాల్లో అందులో చేరితే అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ సభ్యత్వం కూడా కలిసే వస్తుంది.

సీఈ (కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్, అంటే రెన్యూవల్‌కు పూర్తి చేయాల్సిన కోర్సులు) గంటల లెక్క రాష్ట్రానికో రకం. రెండేళ్లకు కాలిఫోర్నియాలో 30, టెక్సాస్‌లో 20. సర్టిఫికెట్లు మాత్రం పారేయకండి. నాకు ఆడిట్ లెటర్ వచ్చిన రోజు, ఫోన్ గ్యాలరీలో గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మల మధ్య ఒక్కో సర్టిఫికెట్ వెతుక్కుంటూ అర్ధరాత్రి దాకా కూర్చున్నాను. ఆ టెన్షన్ మీకొద్దు, ఇప్పుడే ఒక ఫోల్డర్ పెట్టుకోండి.

మల్టీస్టేట్ లైసెన్స్ (కాంపాక్ట్ అనే ఒప్పందంలో ఉన్న రాష్ట్రాలన్నిట్లో చెల్లే లైసెన్స్) ఉన్నవాళ్లు ఇంకో కాంపాక్ట్ రాష్ట్రానికి మకాం మారిస్తే 60 రోజుల్లోపు అక్కడ అప్లై చేయాలి. కాలిఫోర్నియా కాంపాక్ట్‌లో లేదు, వెళ్లాలంటే అక్కడి లైసెన్స్ వేరే తీసుకోవాల్సిందే.

నర్సిస్ (Nursys) అనే నర్సు లైసెన్సుల వెబ్‌సైట్‌లో ఈ-నోటిఫై అనే సర్వీసుకు పేరు నమోదు చేసుకోండి, ఉచితం. లైసెన్స్ గడువు దగ్గర పడితే మెసేజ్ వస్తుంది. నైట్ డ్యూటీ వాళ్లు పడుకునే ముందు చేసేయండి, ఎంతోసేపు పట్టదు. ఏ రాష్ట్రంలో ఉన్నారో ఇక్కడ రాస్తే ఆ బోర్డు లింక్ పెడతాను.