పాత పడవల విభాగం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు నివేదిక పంపాలని మన నియమావళిలో ఉంది కాబట్టి పంపుతున్నాను. అలాగని మొక్కుబడిగా రాయడం లేదు. ఈ ఏడాది మన విభాగం ఒక మంచి పని చేసింది: మన సభ్యుడి పాత పడవను నీళ్ళలో దిక్కులేకుండా వదిలెయ్యకుండా పద్ధతిగా తీయించింది. ఎవరు చేశారో కూడా అందరికీ తెలియాలి.

ముందుగా కృతజ్ఞతలు. వాషింగ్టన్ రాష్ట్రం మేరీస్‌విల్‌లోని ఎబీ వాటర్‌ఫ్రంట్ పార్కులో గట్టు శుభ్రం చేసిన రోజు తెల్లారకముందే పులిహోర కలిపి, ఫ్లాస్కుల్లో టీ మోసుకొచ్చిన వంట బృందానికి; తెలుగు బడి పిల్లలకు, వాళ్ళను దించేసి కాఫీకి వెళ్ళిపోకుండా తామూ గ్లవ్స్ తొడుక్కున్న కొద్దిమంది తల్లిదండ్రులకు; ట్రక్కు ఇచ్చి పెట్రోలు డబ్బులు కూడా పుచ్చుకోని మిత్రుడికి; బ్యానర్ రాసిన అమ్మాయికి. అందరికన్నా ఎక్కువగా, పిల్లల్ని చూసిపోదామని ఇండియా నుంచి వచ్చి మన చెత్త ఏరిన పెద్దలకు. వాట్సాప్‌లో ‘నేను రెడీ’ అని బొమ్మలు పెట్టినవాళ్ళు నలభై మందికి పైనే. తీరా వచ్చినవాళ్ళలో సగం మంది అరవై దాటినవాళ్ళు. ఇంతకు మించి రాయను.

ఇక అసలు సంగతి. లాక్‌డౌన్ రోజుల్లో ఊరంతా పడవలు కొన్నప్పుడు మనవాళ్ళూ కొన్నారు. మన సభ్యులొకరు (పేరు వద్దన్నారు) ఇరవై ఆరు అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ కొన్నారు. దొరికింది కారుచౌకగానే. ఖర్చంతా దాన్ని నిలబెట్టుకోవడంలో ఉందని తర్వాత తెలిసింది. మెరీనా (పడవలు కట్టేసే రేవు) అద్దె, ఇన్సూరెన్సు, ఏటా పడవ అడుగుభాగానికి రంగు, పాడైన ఇంజను. రెండు వేసవులు తిప్పారు, మూడో వేసవికి టార్పాలిన్ కప్పారు. ఊరికే ఇస్తానన్నా తీసుకునే నాథుడు లేడు. చివరికి ఎవరో, ‘స్లూలోకి (నది పాయలోకి) తీసుకెళ్ళి లంగరేసి వచ్చెయ్, ఎవడడుగుతాడు?’ అని సలహా ఇచ్చారట. స్నోహోమిష్ నది పాయల్లో దిక్కులేకుండా పడి ఉన్న పడవల్లో చాలావాటి కథ ఇలాగే మొదలై ఉంటుంది.

మన వాషింగ్టన్ రాష్ట్రంలో ఇది నేరం. అనుమతి లేనిచోట వరసగా 30 రోజులు, లేదా ఏడాదిలో మొత్తం 90 రోజులు దాటి ఉంచితే ఆ పడవ వదిలేసినదాని కిందే లెక్క. కౌంటీయో నగరమో పోర్టో దాన్ని స్వాధీనం చేసుకుని తొలగిస్తే, ఖర్చులో 90 శాతం దాకా రాష్ట్ర సహజ వనరుల శాఖ తిరిగి ఇస్తుంది. 2002 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ఆ నిధి ప్రధానంగా పడవల రిజిస్ట్రేషన్‌తో వసూలు చేసే అదనపు రుసుము నుంచి వస్తుంది. 2022 నాటి చట్టంతో పడవల మీద ఏటా వేసే ఎక్సైజు పన్నులో 25 శాతం కూడా దానికి కలిసింది. ‘ఎవడిదో పడవ తీయడానికి నా పన్నులెందుకు?’ అని పోయిన సమావేశంలో గొంతు చించుకున్న సోదరులు ఈ పేరా ఇంకోసారి చదవాలి. అది పడవలున్నవాళ్ళ డబ్బే.

మునిగాక తీయడం ఎంత భారమో 2012లో విడ్బీ దీవి దగ్గర పెన్ కోవ్‌లో తేలింది. ‘డీప్ సీ’ అనే పాత చేపల ఓడ తగలబడి మునిగి, నూనె కారి, అక్కడ పేరున్న మస్సెల్స్ (తినే ఆల్చిప్పలు) కోతే ఆగిపోయింది. దాన్ని పైకి తేవడానికి మిలియన్ల డాలర్లు అయ్యాయి. మనం చూసేవి సరదా పడవలే, అయినా సూత్రం ఒకటే. తేలుతుండగా తీస్తే చౌక. అందుకే 2014 నుంచి 45 అడుగుల లోపు పడవలకు అప్పగింత పథకం కూడా ఉంది. నిర్వహణ మోయలేని యజమాని పడవ పాడుబడకముందే అప్పగిస్తే, దాని పారవేత ఖర్చు ఆ పథకం భరిస్తుంది.

మన సభ్యుడి చేత ఆ పథకానికి దరఖాస్తు మన ఉప కార్యదర్శి గారు దగ్గరుండి పూర్తి చేయించారు. అడ్డొచ్చింది ఇంటిపేరు. టైటిల్‌లో (పడవ యాజమాన్య పత్రంలో) ఇంటిపేరు పొడి అక్షరం, లైసెన్సులో పూర్తిగా, పాస్‌పోర్టులో వెనకా ముందూ. ముగ్గురూ ఒక్కరేనని ఒప్పించడానికి పట్టిన కాలంలో పడవను రెండుసార్లు తీయొచ్చు.

ఎవరెట్‌లోని టెన్త్ స్ట్రీట్ ర్యాంపు దగ్గర పడవను ట్రెయిలర్ మీదికి ఎక్కించిన రోజు మాత్రం చూడాల్సిందే. అడుగున అరచేతి మందాన గుల్లలు, పాచి. బ్యాటరీలు, మిగిలిన ఇంధనం, వంట గ్యాసు సిలిండరు ముందే దించేశారు. ముక్కు దగ్గర కమ్మీకి, కొన్న రోజు పూజలో కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు ఎండి నల్లబడి, నల్లదారానికి ఇంకా వేలాడుతున్నాయి. సభ్యుడి తల్లిగారు దారం తెంపి వాటిని నీళ్ళలో వేయబోతే, మనవరాలు ‘నానమ్మా, నీళ్ళలో వద్దు’ అంటూ చెత్త సంచి నోరు తెరిచి పట్టుకుంది. ఏడాది పొడవునా మనం చేసిన ప్రచారం ఊరికే పోలేదు. ఇనుములా ఫైబర్‌గ్లాస్‌ను తూకానికి కొనేవాడుండడు కాబట్టి పడవ డొల్ల మొత్తం ముక్కలై డంపుకే పోతుందని కాంట్రాక్టరు చెప్పాడు.

విజయవాడ నుంచి వచ్చిన నీటిపారుదల శాఖ రిటైర్డు ఇంజనీరు గారొకరు ఆ రోజు మాతో ఉన్నారు. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లకు తగిలి కౌంటర్ వెయిట్లు (గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలు) విరగ్గొట్టడం, వాటిని తీయడానికి క్రేన్లు, డైవర్లు రోజుల తరబడి తంటాలు పడటం ఆయన చెబుతుంటే కాంట్రాక్టరు మనుషులు కూడా పని ఆపి విన్నారు. మేం తర్జుమా చేయలేక అలిసిపోయాం.

రెండో పడవ సంగతి చెప్పడానికి సంతోషంగా లేదు. స్టీమ్‌బోట్ స్లూలో ఒరిగి ఉన్న క్యాబిన్ పడవ గురించి ఫోటోలతో సహా వసంతంలోనే ఫిర్యాదు ఇచ్చాం. అది ఇంకా అక్కడే ఉంది. ఒక కార్యాలయం ఆ బురద నేల మాది కాదంటుంది, రెండోది ఓనరును వెతుకుతున్నామంటుంది, మూడోదాని ఫోను ఎత్తరు. మనంతట మనం దాని మీద చెయ్యి వేయడానికి చట్టం ఒప్పదు. 90 శాతం తిరిగొస్తుందన్నది నిజమే గానీ, ముందు ఖర్చుపెట్టాల్సిందీ, మిగతా పదో వంతు భరించాల్సిందీ స్థానిక సంస్థే. జాప్యానికి మూలం అక్కడుందని నా అభిప్రాయం. మన వాలంటీర్ల గంటలను ఆ పదో వంతులో జమ కట్టుకుంటారా అని రాతపూర్వకంగా అడిగాం. జవాబు లేదు. కౌన్సిల్ ముందు మాట్లాడటానికి మూడు నిమిషాల అవకాశం వచ్చిన రోజు హాజరైంది నేనూ, ఉప కార్యదర్శి గారూ. మనిషికి మూడు నిమిషాలు. పది మంది వచ్చి ఉంటే అరగంట మాట్లాడేవాళ్ళం.

లెక్కలు కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు. గ్లవ్స్, సంచులు, టీ, ప్రింటింగు తప్ప పెద్ద ఖర్చేం లేదు. ఆడిట్ అయింది, కొద్దిపాటి మిగులుంది.

దరఖాస్తుల పని చూసే పదవి ఖాళీ అవుతోంది. ఉప కార్యదర్శి గారు కొనసాగనన్నారు, ఆయన్ని బతిమాలొద్దు. ఆ స్థానానికి ఓపికగా ఫోను పట్టుకుని కూర్చోగల మనిషి కావాలి. స్టీమ్‌బోట్ స్లూ ఫిర్యాదు నకలు, ఫోటోలు సమావేశం రోజు ప్రసాదం బల్ల పక్కనే పెడతాం. మార్చిలో కౌన్సిల్ ముందు మాట్లాడేవాళ్ళ జాబితా కూడా అక్కడే ఉంటుంది. సంతకం పెట్టేముందు దయచేసి క్యాలెండర్ చూసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి