నడవలేని కుక్కకు ఇల్లు దొరకాలంటే

సంపాదకులు గారికి నమస్కారం.

బండి గుద్ది నడుం విరిగిన కుక్క ఫొటో వేసి, కింద 'దయగలవారు దత్తత తీసుకోగలరు' అని రాసి ఫోన్ నంబరు ఇస్తే రెండు రోజులు ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోతారు కూడా. కొన్నాళ్లకు అదే కుక్క పక్కలు పుండ్లు పడి, మూత్రం కంపుతో తిరిగొస్తుంది. తిరిగి రాలేదంటే ఏ ములుగు రోడ్డు పక్కనో పడి ఉంటుంది. తీసుకున్నవాళ్లది చెడ్డ మనసని కాదు. రోజూ దానికి ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. మీ జిల్లా పేజీలో ఇలాంటి ప్రకటనలకు చోటిస్తున్నారు, సంతోషం. అందులో ఏముంటే కుక్కకు ఇల్లు నిలుస్తుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందుగా తొందర మానుకోవాలి. దెబ్బ తగిలిన వారానికే దత్తతకు పెడితే, ఆ కుక్క రేపు నడుస్తుందో, జన్మంతా ఈడ్చుకుంటూనే ఉంటుందో ఇచ్చేవాళ్లకే తెలియదు. ఎక్స్‌రే తీయించాలి, నొప్పి పరీక్ష చేయించాలి. వెనుక కాలి వేలును డాక్టర్ గట్టిగా నొక్కినప్పుడు కాలు వెనక్కి లాక్కుంటే చాలామంది 'స్పర్శ ఉంది' అని సంబరపడతారు. అది వెన్నుపాము తనంతట తాను చేసే పని మాత్రమే. కుక్క తల తిప్పి చూడాలి, మూలగాలి, కొరకబోవాలి. నొప్పి మెదడుదాకా చేరుతోందనడానికి అదే గుర్తు. అలా నొప్పి తెలిసే కుక్కలకు కోలుకునే అవకాశం బాగా ఎక్కువ. నెల, రెండు నెలలు చూసి, డాక్టర్ రాసిచ్చిన కాగితం చేతికొచ్చాకే ప్రకటన వేయాలి. మామునూరులో పశువైద్య కళాశాల ఉన్న ఊరు మనది. చీటీ లేకుండా కుక్క చేతులు మారడం మనకే నామోషీ.

ఇంకొక జాగ్రత్త ఉంది. దెబ్బ ఏదీ కనిపించకుండా ఉన్నట్టుండి కాళ్లు పడిపోయి, దవడ వేలాడి, చొంగ కారుతుంటే అది రేబిస్ కావచ్చు. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చేయి పెట్టకూడదు. చొంగ తగిలినా, కరిచినా, గీరినా పావుగంట సేపు సబ్బుతో, ధార నీళ్లతో కడిగి అదే రోజు ఎంజీఎంకో, దగ్గరి ప్రభుత్వాసుపత్రికో వెళ్లి టీకా మొదలుపెట్టాలి. ఇలాంటి కుక్కను ఎవరింటికీ పంపకూడదు.

నడుం పోయిన కుక్కకు అన్నిటికంటే పెద్ద పని మూత్రం. దత్తతలు చెడేది ఎక్కువగా ఇక్కడే. కుక్క పడుకున్న చోటల్లా చుక్కలు చుక్కలుగా తడి అవుతుంటే 'దానంతట అదే పోసుకుంటోంది' అనుకుంటారు. నిజానికి మూత్రసంచి నిండిపోయి పైకి పొంగుతున్నదే ఆ తడి. లోపల మిగిలింది కుళ్లి, ఇన్‌ఫెక్షన్ అయి, కిడ్నీల దాకా పాకుతుంది. అందుకే రోజుకు మూడు నాలుగు సార్లు, ఆరు నుంచి ఎనిమిది గంటలకొకసారి, చేత్తో ఖాళీ చేయాలి. కుక్కను నిలబెట్టి కానీ పక్కకు పడుకోబెట్టి కానీ, వెనుక తొడల ముందు పొట్టకు రెండు వైపులా అరచేతులు ఆనించాలి. నిండిన సంచి నిమ్మకాయ నుంచి బత్తాయి దాకా సైజులో గుండ్రంగా తగులుతుంది. వేళ్లతో పొడవకుండా, అరచేతులతో నిదానంగా, తోక వైపు నెట్టినట్టు ఒత్తిడి పెంచాలి. ధార మొదలయ్యాక ఒత్తిడి వదలకూడదు. ఆగాక ఒక్క నిమిషం వదిలి, మళ్లీ ఒకసారి చూడాలి. సంచి గట్టిగా రాయిలా ఉండి చుక్క కూడా రాకపోతే బలవంతం వద్దు, సంచి చిట్లే ప్రమాదం ఉంది. కొన్ని కుక్కలకు మూత్రద్వారం బిగుసుకుపోతుంది, అది సడలడానికి మందు డాక్టరే రాయాలి. మూత్రం చిక్కబడినా, ఎర్రబడినా, కంపు మారినా పరీక్ష చేయించాలి. ఏ లక్షణం లేకపోయినా రెండు మూడు నెలలకొకసారి చేయించడం మంచిది. నడుం కింద స్పర్శ లేని కుక్క మంటగా ఉందని చెప్పలేదు కదా.

డైపర్ కడితే ఈ పని తప్పుతుందనుకోవడం భ్రమ. డైపర్ ఇల్లు తడవకుండా కాపాడుతుంది, కుక్కను కాదు. చిన్నపిల్లల డైపర్‌కు తోక దూరేంత రంధ్రం చేసి వాడుకోవచ్చు కానీ మూడు నాలుగు గంటలకు మించి ఉంచితే తొడలు ఒరుసుకుపోతాయి. విప్పగానే గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పలుచగా కొబ్బరినూనె రాస్తే చాలు. పిల్లల డైపర్ క్రీములు రాయకండి. వాటిలో చాలావరకు జింక్ ఆక్సైడ్ ఉంటుంది, కుక్క నాకి కడుపులోకి పోతే విషం. అలాగే మనుషుల నొప్పి మాత్రలు, పారాసిటమాల్ అయినా డైక్లోఫెనాక్ అయినా, పొరపాటున కూడా వేయకూడదు.

పడకకు గోనెసంచి పనికిరాదు, గరుకుకు చర్మం లేచిపోతుంది. మందపాటి ఫోమ్ పరుపుకు రెక్సిన్ తొడుగు, దానిపై నూలు దుప్పటి వేయాలి. లేవలేని కుక్కను రెండు నుంచి నాలుగు గంటలకొకసారి పక్క మార్చాలి. తుంటి ఎముక దగ్గర వెంట్రుకలు రాలి ఎర్రబడితే పుండు మొదలవుతున్నట్టే, ఆ రోజే చూపించాలి. వానాకాలంలో ఈగ వాలిన పుండులో ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. మన ఇండ్లలో కరీంనగర్ గ్రానైటో, టైల్సో ఉంటున్నాయి, మూడు కాళ్ల కుక్క వాటిమీద జారి ఉన్న కాలు కూడా మడతేసుకుంటుంది. అది తిరిగే దారిలో రబ్బరు మ్యాట్ పరిస్తే సరిపోతుంది.

వెనుక కాళ్లు రాని కుక్కకు కట్టే చక్రాల బండి గురించి అడిగేవాళ్లు చాలామంది. ముప్పావు అంగుళం పీవీసీ పైపులు, వాటిని కలిపే ఎల్బోలు, టీలు, పిల్లల సైకిల్ పక్కచక్రాలు, పాత స్కూల్ బ్యాగు పట్టీలు ఉంటే ఇంట్లోనే అవుతుంది. కొలతలే ముఖ్యం. ఛాతీ అత్యంత వెడల్పైన చోట కొలిచి రెండు అంగుళాలు కలపాలి, భుజం నుంచి తుంటి దాకా పొడవు, నేల నుంచి పొట్ట దాకా ఎత్తు తీసుకోవాలి. ఇరుసు తుంటికి మరీ వెనక ఉంటే బరువంతా భుజాలమీద పడి కుక్క కదలదు. మరీ ముందుంటే ముందుకాళ్లు గాల్లోకి లేస్తాయి. భుజంపట్టీ కింద రెండు వేళ్లు తేలిగ్గా దూరేదాకా చక్రాలను ముందుకో వెనక్కో జరుపుకోవాలి. మొదట పది నిమిషాలు, అలవాటయ్యాక అరగంట, మనిషి పక్కనుండగానే. బండిలో ఉన్నప్పుడు కుక్క పడుకోలేదు, కాబట్టి పొద్దంతా కట్టేసి వదిలిపెడితే అది బండి కాదు, బోను.

కండ్లు కనిపించని కుక్కకు ఇంత బాధ లేదు. సామాన్లు జరపకుండా, తిండి గిన్నె ఒకేచోట పెట్టి, తాకే ముందు పిలిస్తే ఇల్లంతా దానికే తెలుసు. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు నుంచి బయటపడి తల, కాలు అదురుతుండే కుక్కలో వైరస్ వారాలు, కొన్నిసార్లు నెలలు ఉండవచ్చు, కాబట్టి టీకాలు పడని కుక్కపిల్లలున్న ఇంటికి ఇవ్వకూడదు. జననాంగాల దగ్గర రక్తం కారే గడ్డ ఉందని వద్దంటారు కానీ, అది చాలావరకు వారానికొకటి చొప్పున నాలుగైదు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో పోయే జబ్బు. అలాంటి కుక్కను ముందు నయం చేయించి, తర్వాతే ఇల్లు వెతకాలి.

ఇక ఇల్లు. జీతమెంత అని కాదు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంట్లో ఎవరుంటారు అని అడగాలి. భార్యాభర్తలిద్దరూ పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్లయితే ఎంత ప్రేమున్నా నడుం పోయిన కుక్కను ఇవ్వలేం. ఇంటి ఓనరు ఒప్పుకున్నాడా, మెట్లెన్ని, ఇంట్లో పెద్దమ్మకు కుక్కంటే పడుతుందా అని ఇంటికి వెళ్లి కనుక్కోవాలి. నడుం నొప్పున్న కుక్క ముట్టుకుంటే కొరకవచ్చు, ఐదారేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఇది తేల్చుకోవాలి. ఇంటిల్లిపాదీ మేడారం జాతరకు పోతే మూత్రం తీసేదెవరు? ఆ రెండో మనిషి పేరు కూడా కాగితం మీద ఉండాలి. లేకపోతే ఆ ఇంటికి ఇవ్వకపోవడమే మేలు.

తీసుకుంటామన్నవాళ్లు కనీసం మూడుసార్లు వచ్చి, మనం చూస్తుండగా వాళ్ల చేతులతో వాళ్లే మూత్రం తీయాలి. మూడోసారి మన సాయం లేకుండా చేయగలిగితే అప్పుడు రెండు వారాల పరీక్షాకాలానికి పంపాలి. దసరాకో, పెండ్లి హడావిడిలోనో, దీపావళి పటాకుల మధ్యనో వద్దు. బైక్ మీద కాదు, ఆటోలో తీసుకెళ్లాలి. దాని పాత దుప్పటి ఉతక్కుండా వెంట ఇవ్వాలి. వారం పది రోజులు తిండి మార్చకూడదు, మార్చాలన్నా కొంచెం కొంచెంగా కలపాలి. మలబద్ధకం ఉంటే అన్నంలో ఉడికించిన గుమ్మడికాయ కలపవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, వండిన ఎముకలు వద్దు. మూడో రోజున, పదో రోజున, నెలకు, మూడు నెలలకు వెళ్లి చూడాలి. మూడో రోజు అన్నీ బాగున్నాయనే చెబుతారు, నిజం తెలిసేది పదో రోజునే. 'మాతో కాకపోతే మీకే తిరిగిస్తాం, రోడ్డుమీద వదలం' అన్న ఒక్క వాక్యం రాయించుకోవాలి. తిరిగి తెచ్చినవాళ్లను తిట్టకూడదు. తిడితే తర్వాతివాళ్లు తేరు, వదిలేస్తారు.

ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరమే. మొదటి నేరానికి చట్టంలో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అంటే ఒక ప్లేటు ఇడ్లీ ధర. చట్టం మీద ఆశ పెట్టుకునే కంటే కాగితం గట్టిగా రాసుకోవడం నయం. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వుల్లో, వీధికుక్కను దత్తత కోరేవారు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చనీ, కుక్కకు ట్యాగ్ వేసి ఇవ్వాలనీ, అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేననీ చెప్పింది. మన బల్దియా ఆ దరఖాస్తులో 'ఆరోగ్య స్థితి, రోజువారీ చేయాల్సిన పనులు' అని రెండు గడులు పెడితే ఖర్చేమీ కాదు.

మీ పత్రికను కోరేది కూడా అలాంటిదే. ప్రకటన ఈ తీరుగా వేయండి: 'ఆడకుక్క, సుమారు మూడేళ్లు, 14 కిలోలు. వెనుక కాళ్లు రావు, ఇక రావని డాక్టర్ రాసిచ్చారు. రోజుకు నాలుగుసార్లు చేత్తో మూత్రం తీయాలి, నేర్పిస్తాం. బండి ఉంది. పిల్లల ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాయి. ఇతర కుక్కలతో కలుస్తుంది, పిల్లులతో కలవదు. పగలు మనిషి ఉండే కింది అంతస్తు ఇల్లు కావాలి. కుదరకపోతే వెనక్కి తీసుకుంటాం.' దీనికి ఫోన్లు తక్కువే వస్తాయి. వచ్చేవాళ్లు మాత్రం నాలుగుసార్లు అన్న మాట చదివాకే చేస్తారు. ఫొటో వేస్తే రక్తం ఓడుతున్న రోజుది వద్దు, బండి కట్టుకుని నిలబడినది వేయండి.

ఇట్లు,
గాయపడిన వీధికుక్కల సంరక్షణ చూసే కొందరు,
హనుమకొండ