హౌస్‌బోట్లలో ప్రెషర్ ట్యాంకు గాలి చూడండి

సంపాదకులకు నమస్కారం.

దిండి హౌస్‌బోట్లలో కుళాయి కొద్దిగా తిప్పగానే పంపు ఆగి ఆగి కొట్టుకుంటుంటే లోపం పంపుది కాకపోవచ్చు. పక్కనున్న అక్యుములేటర్‌లో, అంటే గాలి నింపిన రబ్బరు సంచితో లైనులో నీటి ఒత్తిడి నిలిపే ప్రెషర్ ట్యాంకులో, గాలి దిగిపోయి ఉంటుంది. అలాగే నడిపితే పంపును ఆన్, ఆఫ్ చేసే ప్రెషర్ స్విచ్ కాంటాక్టులు కాలిపోతాయి. దయచేసి వెంటనే కొత్త పంపు కొనకండి.

గాలి కొట్టేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ముందు పంపు కట్టేసి, కుళాయిలు తెరిచి లైనులో ఒత్తిడంతా వదిలేయాలి. నీరు నొక్కుతుండగా చూసిన రీడింగ్ లెక్కకు రాదు. పంపు 25 పీఎస్‌ఐ దగ్గర ఆన్, 40 దగ్గర ఆఫ్ అయ్యేదైతే గాలి 23 ఉండాలి. కారు టైర్లకు వాడే ఫుట్ పంపు, గేజీ చాలు. ట్యాంకుకు గాలి కొట్టే వాల్వు పిన్ను నొక్కితే నీళ్లొచ్చాయా, లోపలి రబ్బరు సంచి చిరిగినట్టే.

సైజు విషయంలో పిసినారితనం వద్దు. ఈ సెట్టింగులో 8 లీటర్ల ట్యాంకు కూడా పంపు మళ్లీ ఆన్ కాకుండా ఇచ్చేది సుమారు 2 లీటర్లే. రెండు బాత్‌రూములున్న బోటుకు 8 లీటర్లకంటే చిన్నది పెట్టకూడదు. బిగించాల్సింది పంపు తర్వాత, గీజరుకు ముందు. తాగునీటికి పనికొచ్చే రబ్బరేనా అని అడిగి కొనండి.

కుళాయిలన్నీ కట్టి ఉన్నా రాత్రిపూట పంపు ఆన్ అవుతుంటే మాత్రం ట్యాంకును అనుమానించకండి. ఎక్కడో కారుతోంది, లేదా పంపులోని నాన్-రిటర్న్ వాల్వు నీటిని వెనక్కి వదులుతోంది.

– ఒక బోటు మెకానిక్, రాజోలు