ఆదివారం సైటేషన్ల క్లాసు, అందరూ చూడండి

బయాలజీ బ్యాచ్ వాళ్లందరికీ, ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకి భీమవరం లైబ్రరీలో కలుద్దాం. ఈసారి జపాన్ సైంటిస్ట్ షిమోన్ సకగుచి పేపర్లు. ఒంట్లో రక్షణ కణాలు మన మీదే తిరగబడకుండా ఆపే టి కణాల గురించి ఆయన 1995లో రాస్తే, నోబెల్ వచ్చింది 2025లో!

వచ్చేముందు గూగుల్ స్కాలర్‌లో ఆ 1995 పేపర్‌కి ఎన్ని సైటేషన్లు (అంటే ఎన్ని వేరే పేపర్లు దాన్ని ప్రస్తావించాయో) ఉన్నాయో రాసుకోండి, రివ్యూ పేపర్లవి (పాత పరిశోధనలన్నీ కలిపి చెప్పేవి) మాత్రం వేరేగా వేయండి, వాటికి మామూలుగా ఎక్కువే పడతాయి.

సైటేషన్లతో సైంటిస్టుకి వేసే లెక్క హెచ్-ఇండెక్స్. అది 40 అంటే, కనీసం 40 సైటేషన్లు వచ్చిన పేపర్లు 40 ఉన్నాయని. ఒక్కదానికే పదివేలొచ్చినా లెక్కలో ఒకటే, అదే నాకు నచ్చదు.

టైముంటే మన ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి 1925 ఫాస్ఫరస్ పేపర్ కూడా చూడండి.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి. ఫోన్ ఛార్జింగ్ మర్చిపోకండి, అక్కడ ప్లగ్గు ఒక్కటే.