ఇకపై కొన్ని వస్తువులకు రుసుము తీసుకుంటాం: ఎందుకో వివరంగా

పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకుని రీసైకిల్ చేసే మా కేంద్రంలో వచ్చే నెల మొదటి తేదీ నుంచి ట్యూబు మానిటర్లు, ప్రింటర్లు, విడి బ్యాటరీలు ఇచ్చేవారి దగ్గర రుసుము తీసుకోబోతున్నాం. కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు, ఫోన్లు ఇప్పటిలాగే ఉచితం. "మా పాత సామాను పట్టుకెళ్లడానికి మేమే మీకు డబ్బివ్వాలా?" అని అడిగేవారు ఉంటారని తెలుసు. అడగడం న్యాయమే. అందుకే మా లెక్కలు ఎలా నడుస్తాయో దాచకుండా రాస్తున్నాను.

మాకు ఆదాయం రెండు విధాలుగా వస్తుంది. ఇంకా పనిచేయగల యంత్రాలను బాగుచేసి అమ్మడం మొదటిది. పనికిరానివాటిని విప్పి, లోహాలను, బోర్డులను వేరుచేసి, వాటిని కరిగించే పెద్ద కర్మాగారాలకు తూకం మీద అమ్మడం రెండోది. మదర్‌బోర్డులు, ప్రాసెసర్లు, ర్యామ్ మంచి ధర పలుకుతాయి. కేబుళ్లలో రాగి, హీట్‌సింకుల్లో అల్యూమినియం, పెట్టెకు ఉక్కు ఉంటాయి కాబట్టి కంప్యూటర్ విప్పిన కూలి గిట్టుబాటవుతుంది. ప్రింటర్ సంగతి వేరు. అందులో చాలావరకు ఉండేది రకరకాల ప్లాస్టిక్, స్ప్రింగులు, కారే ఇంకు, ఎగిరే టోనర్ పొడి. ఇంతా చేస్తే దొరికేది ఒక చిన్న బోర్డు. విప్పిన మనిషి జీతం కూడా దాని మీద రాదు.

ట్యూబు మానిటర్ ఇంకా కష్టం. ఎక్స్-కిరణాలు బయటికి రాకుండా దాని గాజులో సీసం కలుపుతారు. పెద్ద ట్యూబులో అది కిలోకు పైనే ఉంటుంది. ఒకప్పుడు ఆ గాజును కరిగించి మళ్లీ కొత్త ట్యూబులే చేసేవారు. ట్యూబుల ఫ్యాక్టరీలు మూతపడ్డాక ఆ గాజును అడిగేవారు లేరు. సీసం తీసే కొలిమికో, ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే ప్రత్యేక స్థలానికో మేమే డబ్బు కట్టి పంపాలి. ఇన్నాళ్లూ ఆ ఖర్చును కంప్యూటర్ల మీద వచ్చిన లాభంతో సర్దుకొచ్చాం. ఇక సర్దలేం. అటకల మీది ట్యూబులు దిగుతూనే ఉన్నాయి, కొత్త బోర్డుల్లో బంగారం పూత మాత్రం పలచబడుతూ వస్తోంది.

బంగారం మాట వచ్చింది కాబట్టి దాని గురించీ చెప్పుకుందాం. "నా కంప్యూటర్లో బంగారం ఉందట కదా, నా వాటా ఎంత?" అని నవ్వుతూనే అయినా చాలామంది అడుగుతారు. ఉన్న మాట నిజమే. టన్ను ఖనిజంలో ఐదారు గ్రాములుంటే దాన్ని మంచి గని అంటారు. టన్ను కంప్యూటర్ బోర్డుల్లో వంద గ్రాములకు పైగా ఉండటం మామూలే. కానీ టన్ను బోర్డులు కావాలంటే ఎన్ని వందల పెట్టెలు విప్పాలో ఆలోచించండి. టోక్యో ఒలింపిక్స్ పతకాలన్నీ పాత ఎలక్ట్రానిక్ వస్తువుల లోహంతోనే చేశారు. అందుకోసం జపాన్ ప్రజల దగ్గర 2017 నుంచి 2019 దాకా సుమారు 79 వేల టన్నుల చిన్న ఎలక్ట్రానిక్ వస్తువులను సేకరించారు. వాటిలో 62 లక్షలకు పైగా మొబైల్ ఫోన్లున్నాయి. అంత సరుకు నుంచి చివరికి తేలిన బంగారం సుమారు 32 కిలోలు. మీ ఒక్క కంప్యూటర్లో మీ వాటా ఎంతో లెక్కవేసుకునే పని మీకే వదిలేస్తున్నాను.

"అన్నీ ఉచితంగా తీసుకుని, పైగా చేతిలో నాలుగు డబ్బులు పెట్టేవాళ్లున్నారు కదా" అనే ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. ఇంటింటికీ తిరిగి పాత సామాను కొనేవారిని నేను తప్పుపట్టను. సేకరించడంలో వారి నైపుణ్యం మాకు లేదు; మేమూ వారిలో కొందరి దగ్గర సరుకు కొంటాం. చిక్కంతా ఆ తర్వాతి మజిలీలో ఉంది. రాగి కోసం కేబుళ్లను బహిరంగంగా తగలబెడితే వాటి ప్లాస్టిక్ తొడుగు నుంచి డయాక్సిన్లు అనే విష రసాయనాలు వెలువడతాయి. బంగారం కోసం బోర్డులను ద్రవరాజం అనే ఘాటైన ఆమ్లాల మిశ్రమంలో నానబెట్టి, మిగిలిన ఆమ్లాన్ని కాలువలో పారబోస్తారు. విలువ లేని ట్యూబు గాజు ఏదో ఒక ఖాళీ స్థలంలో తేలుతుంది. చైనాలోని గుయీయు, ఘనాలోని అగ్బొగ్‌బ్లోషీ ఇలాంటి పనులకే ప్రపంచమంతటా పేరుపడ్డాయి. గుయీయు పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని పరిశోధకులు పదేపదే చూపించారు. దేశాల మధ్య ప్రమాదకర వ్యర్థాల రవాణాను అదుపు చేయడానికి 1989లోనే బాసెల్ ఒప్పందం కుదిరింది. 2025 జనవరి 1 నుంచి, ప్రమాదకరం కాదనుకున్న ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు కూడా దిగుమతి చేసుకునే దేశం ముందస్తు సమ్మతి తప్పనిసరి అయింది. మంచి మార్పే. అయినా ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో పోగైన 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాల్లో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. మిగతాది అటకల మీదో, చెత్తకుప్పలోనో, నేను పైన చెప్పిన చోటనో ఉంటుంది.

కాబట్టి ఎవరైనా ట్యూబు మానిటర్‌ను కూడా డబ్బిచ్చి తీసుకుంటామంటే, దాని గాజు ఎక్కడికి పంపుతున్నారో అడగండి. మమ్మల్నీ అడగండి. ఎవరికి ఎంత పంపామో రాసుకునే పుస్తకం ఉంది, ఎప్పుడు వచ్చినా చూపిస్తాం.

ఇక ఈ మధ్య మా గోదాము నిండిపోవడానికి అసలు కారణం. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. దాని తర్వాతి విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు ఆ సంస్థ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందు వచ్చిన ప్రాసెసర్లలో దాదాపు ఏదీ ఆ జాబితాలో లేదు. దాంతో కార్యాలయాలు గదులు గదులుగా ఖాళీ చేసి మాకు పంపుతున్నాయి. వాటిలో చాలావాటికి ఏ జబ్బూ లేదు. దుమ్ము దులిపి, ర్యామ్ కొంచెం పెంచి, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో సమాచారం దాచే డిస్క్) పెట్టి, విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే ఉత్తరాలు రాసుకోవడానికి, లెక్కలకు, పిల్లల చదువుకు ఇంకా కొన్నేళ్లు నిశ్చింతగా పనిచేస్తాయి. ల్యాప్‌టాప్ వల్ల వాతావరణంలోకి చేరే కర్బనంలో ఎక్కువ భాగం దాన్ని తయారుచేసేటప్పుడే చేరిపోతుంది. అందుకే విప్పడం కంటే వాడటం మేలు.

ఇక్కడ మా స్వార్థం కూడా ఉందని ఒప్పుకోవాలి. బాగుచేసి అమ్మిన కంప్యూటర్ మీద మాకు మిగిలేది, తుక్కుగా అమ్మితే మిగిలేదానికి ఎన్నో రెట్లు. "రీసైకిల్ చేస్తామని తీసుకుని అమ్ముకుంటున్నారు" అని ఒకరు కోపగించుకున్నారు. అవును, అమ్ముకుంటున్నాం. వద్దనుకునేవారు రసీదు మీదే 'విప్పేయాలి' అని రాయించుకోవచ్చు, అలాగే చేస్తాం. మా సలహా మాత్రం రాయించుకోవద్దనే. ఆ కోపం వెనక ఉన్న అసలు భయం కంప్యూటర్ గురించి కాదు, అందులోని సమాచారం గురించి. ఆ భయం సబబైనదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఫైళ్లను డిలీట్ చేసినా, డిస్క్‌ను మామూలుగా ఫార్మాట్ చేసినా సమాచారం చాలావరకు అక్కడే ఉంటుంది. పుస్తకంలో విషయసూచిక చింపేసినంత మాత్రాన పేజీలు పోవు కదా. పాత తరహా హార్డ్ డిస్క్ అయితే మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి సున్నాలు రాస్తే సరిపోతుంది. ఏడుసార్లు రాయాలన్నది పాత నమ్మకం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన 800-88 మార్గదర్శకాల్లో ఒక్కసారి చాలనే చెప్పింది, మేము పాటించేదీ వాటినే. ఎస్‌ఎస్‌డీతో ఆ పద్ధతి కుదరదు. అరుగుదల అన్ని చోట్లా సమానంగా ఉండటం కోసం అది సమాచారాన్ని లోపల అటూ ఇటూ మారుస్తూ ఉంటుంది, కొన్ని భాగాలను బయటికి కనిపించనివ్వదు. అందువల్ల పైనుంచి ఎన్నిసార్లు రాసినా పాత ముక్కలు మిగిలిపోవచ్చు. దానికి తయారీదారు ఇచ్చిన చెరిపివేత ఆదేశాన్నే వాడాలి. సమాచారం చెరపడానికి వాడే బలమైన అయస్కాంతం కూడా హార్డ్ డిస్క్ మీదే పనిచేస్తుంది, ఎస్‌ఎస్‌డీ దానికి చలించదు. ఆదేశం పనిచేయని డిస్కులను ముక్కలు చేయిస్తాం. ప్రతి డిస్క్ సీరియల్ నంబరుతో ధ్రువపత్రం ఇస్తాం.

ఇంత చెప్పినా నమ్మకం కుదరకపోతే డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి. మాకు అభ్యంతరం లేదు, యంత్రాన్ని డిస్క్ లేకుండానే తీసుకుంటాం. దయచేసి ఎవరూ కంప్యూటర్‌ను సుత్తితో మాత్రం కొట్టకండి. అలా కొడితే పగిలేది పెట్టె, లోపలి డిస్క్ చాలాసార్లు నిక్షేపంగా ఉంటుంది.

ఫోన్ల విషయంలో కోరేది ఒక్కటే. ఇచ్చే ముందు మీ గూగుల్ లేదా యాపిల్ ఖాతా నుంచి బయటికి వచ్చి, ఆ తర్వాత రీసెట్ చేయండి. తాళం పడిన ఫోన్ ఎంత కొత్తదైనా మా చేతిలో విడిభాగాలే.

బ్యాటరీల దగ్గర మేము కఠినంగా ఉంటాం. లిథియం బ్యాటరీ నలిగినా, దానికి ఏదైనా గుచ్చుకున్నా లోపలి పొరలు తాకి, దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. రీసైక్లింగ్ గోదాముల్లో మంటలకు తరచూ కారణమయ్యేది ఇదే. విడి బ్యాటరీల కొనలకు టేపు అంటించి తీసుకురండి. ఉబ్బిన బ్యాటరీ ఉంటే ఛార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, మిగతా సామానుతో కలపకండి. వస్తూనే లోపలివారికి చెప్పండి. చల్లటి ఇసుక డబ్బా గుమ్మం పక్కనే ఉంటుంది.

మా రసీదు మీద 'వంద శాతం రీసైక్లింగ్' అని రాసివ్వమని కొన్ని సంస్థలు అడుగుతున్నాయి. రాయం. రాగి, బంగారం, వెండి, పల్లాడియం కొలిమిలో బాగానే తిరిగి వస్తాయి. కెపాసిటర్లలోని టాంటలమ్ అదే కొలిమిలో చిట్టెంలో (లోహం తీశాక మిగిలే మడ్డిలో) కలిసిపోతుంది. హార్డ్ డిస్క్ అయస్కాంతాల్లోని నియోడిమియం లాంటి అరుదైన లోహాలను వెనక్కి రాబట్టే ఏర్పాట్లు ఇంకా చాలా తక్కువ. వాటికున్న గిరాకీలో ఈ-వ్యర్థాల నుంచి తీరేది ఒక శాతం మాత్రమే. మంట అంటుకోకుండా బ్రోమిన్ రసాయనాలు కలిపిన ప్లాస్టిక్‌ను మళ్లీ వాడటం మంచిది కాదు, దాన్ని కాల్చే ప్రత్యేక కేంద్రాలకు పంపుతాం. వంద శాతం అని రాసేవారు ఈ మూడింటినీ ఏం చేస్తున్నారో నాకూ తెలుసుకోవాలనే ఉంది.

పలచటి మానిటర్లకు రుసుము లేదు. వాటిలో పాతవాటి వెలుగుకు పాదరసం దీపాలు ఉంటాయి కాబట్టి తెర పగిలి ఉంటే సంచిలో కట్టి తీసుకురండి. ట్యూబు మానిటర్లను ఈ నెలాఖరు దాకా ఉచితంగానే తీసుకుంటాం. రెండుకు మించి ఉంటే చోటు చూసుకోవాలి, ముందుగా ఫోన్ చేయండి. ల్యాప్‌టాప్ ఇచ్చేవారు దాని ఛార్జర్ కూడా వెతికి తీసుకురండి. సరిపోయే ఛార్జర్ దొరక్క అమ్మకానికి వెళ్లలేకపోయిన ల్యాప్‌టాప్‌లు మా దగ్గర ఒక అల్మారా నిండా ఉన్నాయి.