పలకలున్నాయి, పంతుళ్లేరీ?

బోర్డు అధ్యక్షులవారికి,

మీ యూదు డే స్కూల్లో లెక్కలు చెప్పే తెలుగు మాస్టారిని. వరండా గోడంతా దాతల పేర్లున్న ఇత్తడి పలకలే. ఆ పక్కనే స్టాఫ్ రూములో ఈ ఏడాది మూడు కుర్చీలు ఖాళీ అయ్యాయి.

పొద్దున తోరా (యూదుల పవిత్ర గ్రంథం), హీబ్రూ, మధ్యాహ్నం లెక్కలు, సైన్సు. ఒకే కప్పు కింద రెండు బడులు నడపడానికి ఫీజులు చాలవని నాకూ తెలుసు, నేను లెక్కల వాడినే కదా! అమెరికా పెట్టుబడుల వ్యాపారి జల్మన్ బెర్న్‌స్టీన్ 1984లో స్థాపించిన దాతృత్వ సంస్థ అవీ హై ఫౌండేషన్ ఇలాంటి బడుల భవనాలకు వడ్డీలేని అప్పులిచ్చింది, ప్రిన్సిపాళ్ల శిక్షణకూ ఖర్చుపెట్టింది. ముందే ప్రకటించి 2019 చివర గ్రాంట్లు ఆపేసింది. అంత పెద్ద దాత సాయానికి కూడా ఓ ముగింపు తేదీ ఉంది.

కాబట్టి కొత్త జిమ్ము సంగతి తర్వాత చూద్దాం. ముందు ఉపాధ్యాయుల జీతాలకు శాశ్వత నిధి పెట్టించండి. ఇచ్చినవారి పేరు నా తరగతి తలుపు మీదే కొట్టించండి, మేకులు నేనే పట్టుకుంటాను.

ఇట్లు,
మీ లెక్కల మాస్టారు