మేజోడు నింపే ముందు జేబులు చూడు

చిట్టితల్లీ,

క్రిస్మస్ దగ్గర పడుతోందని, పండుగకు వేలాడదీసే పిల్లల మేజోళ్ళలో చిన్న కానుకలుగా ఏం పెట్టాలో తోచడం లేదని, చేతిలో డబ్బు కూడా అంతంతమాత్రమేనని నిన్న ఫోనులో అన్నావు. చివరి మాట అంటున్నప్పుడు నీ గొంతు తగ్గిపోయింది. అది నా మనసులో ఉండిపోయింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మేజోడు నింపడానికి డబ్బు కన్నా ముందు కావలసింది పిల్లవాణ్ణి గమనించడం. అది నీకు బాగా చేతనవును.

ఒక వారం పాటు, బట్టలు ఉతకడానికి వేసే ముందు పిల్లల జేబుల్లో ఏముందో చూడు. మీ అన్నయ్య జేబుల్లో నాకు దొరికినవి ఇప్పటికీ గుర్తే. నున్నటి రాయి, తుప్పు పట్టిన మర, చిక్కుపడిన దారం, ఏ తాళానిదో తెలియని చెవి. మేము కొనిచ్చిన బొమ్మ ఒక్కటీ వాటిలో ఉండేది కాదు. వాడికి కావలసినవి విప్పేవి, తిప్పేవి, ముడివేసేవి, దాచుకునేవి అని అప్పుడు తెలిసింది. ఆ ఏడాది వాడి మేజోట్లో చిన్న స్క్రూడ్రైవరు, నడవడం మానేసిన కీ గడియారం పెట్టాను. పండుగ రోజు సాయంత్రం దాకా వాడు గుమ్మం దగ్గర కూర్చుని దాన్ని విప్పుతూనే ఉన్నాడు. నేను డబ్బు పెట్టి కొన్నది స్క్రూడ్రైవరు ఒక్కటే.

డజన్ల లెక్కన సంచుల్లో కట్టి అమ్మే ప్లాస్టిక్ బొమ్మల జోలికి మాత్రం వెళ్ళకు. చవకగా కనిపిస్తాయి. మధ్యాహ్నానికి సగం విరుగుతాయి, పండుగపూట పిల్లవాడు ఏడుస్తాడు. ఆ డబ్బుతోనే గట్టివి మూడు వస్తాయి.

పెద్దవాడికి ఏడేళ్ళు నిండాయి కదా, చేయి తిరగాల్సిన ఆటవస్తువు ఒకటైనా ఉండాలి. నన్నడిగితే యోయో, అదే, దారం కొసన వేలాడుతూ పైకీ కిందికీ ఆడే చక్రం. దాన్ని నేల మీద పెట్టి, దారాన్ని వాడి బొడ్డు ఎత్తుకు కత్తిరించు. దారం మరీ పొడవైతే చిన్నపిల్లలకు అది లొంగదు, రెండు రోజుల్లో మూల పడేస్తారు. దానితోపాటు ఒక చీటీ కూడా పెట్టు. 1985 ఏప్రిల్‌లో డిస్కవరీ అంతరిక్ష నౌకలో వ్యోమగాములు యోయో, బొంగరం, గోలీలు వంటి ఆటవస్తువులను వెంట తీసుకువెళ్ళి, బరువు తెలియని చోట అవి ఎలా ఆడతాయో పరీక్షించారు. అక్కడ యోయోను ఎంత నెమ్మదిగా విసిరినా దారం వెంట వెళ్ళి తిరిగి వస్తుంది. కానీ ఇక్కడిలా దారం చివర నిలిచి గిరగిరా తిరగదు, దాన్ని కిందికి లాగి ఉంచే బరువు లేదు మరి. ఈ నాలుగు ముక్కలు నీ చేతిరాతతో రాసి పెట్టావంటే వాడు ఆ చీటీని కూడా దాచుకుంటాడు.

భూతద్దం కూడా మంచిదే. రంగుల్లో అచ్చయిన పత్రికలోని బొమ్మను దానితో చూడమను. ముఖాలు, చెట్లు అన్నీ రంగు చుక్కలుగా విడిపోతాయి. ఉప్పు రవ్వలు చిన్న చిన్న ఘనాల్లా కనిపిస్తాయి. దానితో సూర్యుణ్ణి చూడకూడదని, ఎండను ఒకచోటికి చేర్చి ఆకుల మీద, కాగితాల మీద పెట్టకూడదని మాత్రం ముందే గట్టిగా చెప్పు. ఇక కొలత టేపు, సుద్దముక్కలు, జేబులో పట్టే నోటుపుస్తకం, పొట్టి పెన్సిల్ వంటివాటిలో ఏవి పెట్టాలో వాడి జేబులే చెబుతాయి. దిక్సూచి పెడితే అయస్కాంతానికి దూరంగా ఉంచు, లేకపోతే ముల్లు పాడవుతుంది.

చిన్నవాడి విషయంలో నాకు భయం ఎక్కువ. వాడికి ఇంకా మూడేళ్ళు నిండలేదు, ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటాడు. టాయిలెట్ కాగితపు చుట్ట అయిపోయాక మిగిలే అట్టగొట్టం ఒకటి దాచిపెట్టుకో. అందులో దూరిపోయే వస్తువేదీ వాడికి ఇవ్వకు. గోలీలు, చిన్న రబ్బరు బంతులు, ఊదని బుడగలు వద్దు. పగిలిన బుడగ ముక్క కూడా గొంతుకు అడ్డం పడుతుంది. వెలుగుతూ మోగే చవక బొమ్మల్లో బిళ్ళ బ్యాటరీలు ఉంటాయి. మింగితే, గొంతు దిగువన ఇరుక్కున్న చోట రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. మూతకు మర బిగించి ఉంటే తప్ప అలాంటిది ఇంట్లోకి రానివ్వకు, అన్నదమ్ములు బొమ్మలు మార్చుకుంటారు కదా. శక్తిమంతమైన చిన్న అయస్కాంతపు గుండ్లు పెద్దవాడికి కూడా వద్దు. రెండు మింగితే పేగుల మడతలను మధ్యలో నొక్కి పట్టి, చిల్లు పడేలా చేస్తాయి. నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగు పూసలూ అంతే, కడుపులోకి వెళ్ళినా ఉబ్బుతాయి. నిన్ను భయపెట్టాలని కాదమ్మా, ఇవన్నీ చవకగా, చిన్నగా, ముచ్చటగా ఉంటాయి. మేజోడు కోసం వెతికేవాళ్ళ చేయి ముందు వీటి మీదే పడుతుంది.

వాడికి ఆ గొట్టంలో దూరనంత లావుపాటి రంగు క్రేయాన్లు, గుడ్డ బంతి చాలు. జత పోయిన సాక్సు ఏదైనా ఉంటే చేతిబొమ్మ కుట్టు. కళ్ళకు బొత్తాలు కుట్టకు, ఊడిపోతాయి. దారంతోనే కుట్టు.

పెద్దవాడి మేజోట్లో ఇంకా ఖాళీ మిగిలితే చీటీలు రాయి. ‘ఇది చూపిస్తే అరగంట ఆలస్యంగా పడుకోవచ్చు’, ‘ఇది చూపిస్తే అమ్మ పని ఆపి నాతో ఆడాలి’. రెండోది వాడు ఏ వేళలో చూపించినా కాదనకు.

అన్నయ్య బొంగరం నా పెట్టెలో ఉంది. దాన్ని పెద్దవాడి కోసం పంపుతున్నాను. ములుకు ఇంకా పదునుగానే ఉంది, చిన్నవాడికి అందనివ్వకు. తాడు మాత్రం తెగిపోయింది, నూలుతో కొత్తది పేను. చుట్టడం నువ్వే నేర్పు, అన్నయ్య కన్నా నీకే బాగా వచ్చేది.

ప్రేమతో,
అమ్మ